మనవడి ఫ్రెంచి, అమ్మమ్మ తిప్పలు

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. బ్యాంకులో పని చేసి రిటైరయ్యాను. మా మనవడు ఫ్రాన్స్‌లోని లియోన్‌లో బడికి వెళ్తున్నాడు. వాడి కోసం ఫ్రెంచి మొదలుపెట్టాను. పుస్తకం చూస్తే కొంత తెలుస్తుంది, వాడు ఫోనులో మాట్లాడితే ఒక్క ముక్కా అందదు. వయసు దాటిపోయిందా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: వయసును వదిలేయండమ్మా, తిప్పలన్నీ సంధులతోనే. ‘లే’ తర్వాత ‘ఆఁఫాఁ’ వస్తే ‘లేజాఁఫాఁ’ అవుతుంది. పిల్లలు అని అర్థం. ‘లే’ చివర రాసి కూడా పలకని ‘ఎస్’ అక్షరం, అచ్చు కనబడగానే ‘జ’గా లేచి కూర్చుంటుంది. బడిలో సంధులు విడదీసిన మనకిది కొత్తేమీ కాదు. అందుకే ముందు వినండి, తర్వాతే పుస్తకం తెరవండి.

నేను అనంతపురంలో 58వ ఏట మొదలుపెట్టాను. వాళ్ల ‘యు’ అక్షరం నన్ను నెల రోజులు ఏడిపించింది. పెదవులు సున్నాలా చుట్టి, లోపల ‘ఈ’ అనాలి. అద్దం ముందు నిలబడి అంటుంటే, పొయ్యి ఊదుతున్నారా అని మా ఆవిడ వంటింట్లోంచి అడిగింది. ‘ర’ పక్కన దాన్ని సరిగ్గా పలికితే ‘వీధి’, మామూలు ‘రూ’ అంటే ‘చక్రం’!

అంకెలు మీకు సరదాగానే ఉంటాయి. 97ను ‘నాలుగు ఇరవైలు, పది, ఏడు’ అంటారు. బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం ఎందుకయ్యాయని మాత్రం అడగకండి, పదంతోపాటే బట్టీ పట్టండి.

అన్నట్టు, మనవణ్ని ‘వు’ అనకండి, అది ‘మీరు’. వాడికి ‘తు’ చాలు.