సికిల్ సెల్‌కు జన్యు చికిత్స: చేను అమ్మాలా?

ప్రశ్న: మాది మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా, సిరోంచ తాలూకా. మా బాబుకు 14 ఏళ్లు. సికిల్ సెల్ అనే రక్తజబ్బు, ‘ఎస్ఎస్’ (తల్లి నుంచీ తండ్రి నుంచీ సికిల్ జన్యువే వచ్చింది) అన్నారు. ఏడాదికి మూడు నాలుగుసార్లు ఎముకల నొప్పులతో ఆసుపత్రిలో చేరుస్తున్నాం. హైడ్రాక్సీయూరియా గోళీలు ఇచ్చారు, నొప్పి వచ్చినప్పుడు వేస్తున్నాం. పాపకు ‘ఏఎస్’ (ఒక్కరి నుంచే సికిల్ జన్యువు) వచ్చింది. జన్యువును సరిచేసే ఇంజెక్షన్ 12 లక్షలకు వేయిస్తానని ఒకాయన పదేపదే ఫోన్ చేస్తున్నాడు. మిర్చి చేను అమ్మమంటారా?

సలహా: చేను అమ్మకండి. జన్యు చికిత్స నిజంగానే ఉంది. కానీ మీకు ఫోన్‌లో అమ్మజూపుతున్నది అది కాదు.

క్యాస్‌జెవీ అనే చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతిచ్చాయి. 12 ఏళ్లు, ఆపై వయసువాళ్లకు చేస్తారు. రోగి రక్తాన్ని తయారుచేసే మూలకణాలు తీసి, ల్యాబ్‌లో క్రిస్పర్ అనే జన్యువులను కత్తిరించే పద్ధతితో మార్చి, మళ్లీ ఎక్కిస్తారు. తల్లి కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ తిరిగి తయారవుతుంది కాబట్టి ఎర్రకణాలు కొడవలిలా వంగడం తగ్గుతుంది. ట్రయల్‌లో ఫలితం చూడగలిగిన 31 మందిలో 29 మందికి కనీసం ఏడాది పాటు తీవ్రమైన నొప్పులు రాలేదు. మామూలు విషయం కాదిది. అయితే కణాలు ఎక్కించేముందు పాత ఎముక మజ్జను గట్టి కీమోతో ఖాళీ చేయాలి. రాలిన జుట్టు మళ్లీ వస్తుంది, పిల్లలు పుట్టే శక్తి మాత్రం శాశ్వతంగా పోవచ్చు. అదే రోజు అమెరికాలో అనుమతి పొందిన మరో జన్యు చికిత్స మీద రక్త క్యాన్సర్ హెచ్చరిక కూడా ఉంది. క్యాస్‌జెవీ ధర అక్కడ 22 లక్షల డాలర్లు, అంటే 18 కోట్ల పైమాటే. ఇక 12 లక్షలకు దొరికేది ఏమిటో మీరే ఆలోచించండి.

ఇంకో సంగతి. ఈ చికిత్సతో బాబు రక్తం మారినా వీర్యంలో పాత జన్యువే ఉంటుంది. అతని పిల్లలకు కనీసం ‘ఏఎస్’ తప్పదు. మరి పిండంలోనే మార్చేస్తే? 2018లో చైనాలో హే జియాన్‌క్వీ అనే శాస్త్రవేత్త అలాంటి పనే చేసి జైలుపాలయ్యాడు. మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2019 మార్గదర్శకాలూ దాన్ని ఒప్పుకోవు. ఆ మార్పు తరతరాలకూ పోతుంది, పుట్టబోయే బిడ్డను అడిగి చేసేదీ కాదు. అందుకే నాకూ ఆ నిషేధం సబబే అనిపిస్తుంది. మీ పాప పెళ్లికి మాత్రం జాతకం కంటే ముందు అబ్బాయి రక్తపరీక్ష చూడండి, మేనరికమైతే మరీను. అతనూ ‘ఏఎస్’ అయితే పిల్లలకు ‘ఎస్ఎస్’ రావచ్చు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్నది హైడ్రాక్సీయూరియా. అది నొప్పి గోళీ కాదు, నొప్పి ఉన్నా లేకున్నా రోజూ వేయాలి. అది కూడా ఆ కడుపులోనాటి హిమోగ్లోబిన్‌నే పెంచుతుంది. డాక్టరు చెప్పినప్పుడల్లా రక్తకణాల పరీక్ష చేయించండి. నీళ్లు బాగా తాగించండి, మీ వైపు ఎండల్లో ఇది మరీ ముఖ్యం. జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

పాపకు హెచ్ఎల్ఏ (ఒకరి మజ్జ ఇంకొకరికి కుదురుతుందో తేల్చే) పరీక్ష చేయించి, బాబుకు సరిపోతుందో చూడండి. తోబుట్టువులకు సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు. ‘ఏఎస్’ అయినా మజ్జ ఇవ్వొచ్చు. ఇప్పటికి నయం చేసే దారుల్లో మన దేశంలో అందేది ఆ మజ్జ మార్పిడే.

ఢిల్లీలోని ఐజీఐబీ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు సికిల్ సెల్‌కు తక్కువ ఖర్చు క్రిస్పర్ చికిత్స తయారుచేస్తున్నారు, బిర్సా 101 అని పేరు. రేపు ఎవరైనా ట్రయల్‌లో చేరుస్తామంటే సీటీఆర్ఐ (మన దేశంలో ట్రయల్స్ నమోదయ్యే చోటు) నంబరు అడగండి. ట్రయల్‌లో పరీక్షించే మందుకు డబ్బు తీసుకోరు. పైగా 14 ఏళ్ల పిల్లవాడికి విషయమంతా వివరించి, మీ సంతకంతో పాటు అతని ఒప్పుదలా రాతపూర్వకంగా తీసుకోవాలి. మీకు ఫోన్ చేసే ఆయన బాబుతో ఒక్కసారైనా మాట్లాడాడా?