బ్రూనో మొదటి షోకి ముందు చేయాల్సిన పనులు

చి. సింధుకు ఆశీస్సులు.

నీ ల్యాబ్రడార్ కుక్కపిల్ల బ్రూనోను మొదటిసారి డాగ్ షోలో దింపుతున్నావని తెలిసి చాలా సంతోషించాను. వాడికిప్పుడు ఐదున్నర నెలలు, షోకి ఇంకా ఆరు వారాలుంది. పద్ధతిగా చేస్తే ఆ టైము చాలు. ఏ షాంపూ వాడాలని అడిగావు. అది ఆఖరి వారం సంగతి. ఇవాళే మొదలుపెట్టాల్సినవి రెండున్నాయి. నాలుగు కాళ్ల మీద కదలకుండా నిలబడటం ఒకటి. ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి ఒళ్లంతా తడిమినా బెదరకుండా ఉండటం రెండోది. జడ్జి ఒక్కో కుక్కను చూసేది రెండు మూడు నిమిషాలే. బ్రీడ్ స్టాండర్డ్‌లో, అంటే ఆ జాతి కుక్క ఎలా ఉండాలో చెప్పే పత్రంలో, రాసిన దానికి ఈ కుక్క ఎంత దగ్గరగా ఉందో ఆ కాస్త సేపట్లోనే తేల్చుకోవాలి. మెలికలు తిరిగే కుక్క ఎంత మంచిదైనా దాని భుజం వాలు, వెన్ను, నడక ఆయనకు కనబడవు.

ముందు ఒక మాట. ఇంటికొచ్చిన కుక్కపిల్లకు అందరూ మొదట నేర్పేది 'సిట్'. నువ్వూ నేర్పే ఉంటావు. షో అయ్యేదాకా సిట్ అన్నందుకు ట్రీట్ ఇవ్వకు. చేయి పైకెత్తగానే కూర్చునే అలవాటున్న కుక్క రింగ్‌లో (జడ్జి కుక్కల్ని చూసే చోట) బెయిట్, అంటే చేతిలో చూపించే ట్రీట్, చూసిన ప్రతిసారీ కూర్చుంటుంది. మొదటి షోల్లో ఎక్కువ కుక్కపిల్లలు దెబ్బతినేది ఇక్కడే. ఇక మీదట తిండి గిన్నె పెట్టేటప్పుడూ గుమ్మం దాటేటప్పుడూ 'స్టాండ్' అను. నిలబడ్డాకే గిన్నె దించు. ఆరు వారాల్లో నిలబడటమే వాడికి అలవాటవుతుంది.

ఇక స్టాక్ చేయడం, అంటే జడ్జి చూడటానికి కాళ్లు సర్ది నిలబెట్టడం. నున్నటి నేల మీద ప్రాక్టీస్ చేయకు. కాళ్లు జారుతుంటే కుక్క వేళ్లు బిగించి ఒళ్లు దగ్గరకు తీసుకుంటుంది, తర్వాత ఎక్కడ నిలబెట్టినా అలాగే నిలబడుతుంది. రబ్బరు మ్యాట్ పరుచు, లేదంటే పచ్చిక మీదికి తీసుకెళ్లు. నువ్వు వాడి కుడిపక్కన ఉండాలి, వాడి తల నీ కుడిచేతి వైపు ఉండాలి. కాలర్ గొంతు మీదికి జారకుండా చెవుల వెనక ఎత్తుగా ఉంచి, తల నిలకడగా పట్టుకో. మొదట జడ్జి వైపు ఉండే ఎడమ ముందు కాలు, తర్వాత కుడి ముందు కాలు, ఆ తర్వాత ఎడమ వెనక కాలు, చివరగా కుడి వెనక కాలు సర్దు. ముందు కాలిని మోచేయి దగ్గర పట్టుకుని కదపాలి, వెనక కాలిని హాక్ కీలు (వెనక కాలి మడమ) దగ్గరో మోకాలి దగ్గరో. పాదం పట్టుకుంటే ఏ కుక్కైనా వెనక్కి లాక్కుంటుంది. కాలు బరువుగా ఉండి లేవకపోతే తలను కాస్త అవతలి పక్కకు తిప్పు. బరువు అటు పోతుంది, ఇటు కాలు తేలికవుతుంది.

పక్కనుంచి చూస్తే ముందు కాళ్లు మూపు కిందనుంచి నిట్టనిలువుగా దిగాలి. వెనక కాళ్లలో హాక్ నుంచి పాదం దాకా ఉన్న ఎముక నేలకు నిలువుగా ఉండాలి. ల్యాబ్రడార్‌కు వెన్ను సమంగా ఉండాలి. వెనక కాళ్లను మరీ వెనక్కి లాగితే వెన్ను వాలిపోయినట్టుంటుంది. మరీ ముందుకు, కడుపు కిందికి పెడితే నడుం పైకి లేస్తుంది. ముందు పాదాలు మూపు కంటే ముందుకు పోతే ఛాతీ చదునుగా, భుజాలు నిటారుగా కనిపిస్తాయి. ఒకవైపు పెద్ద అద్దం ఆనించి పెట్టుకుంటే ఇవన్నీ నీకే తెలిసిపోతాయి. జర్మన్ షెపర్డ్‌కు మాత్రం ఒక వెనక కాలు ముందుకు పెట్టి నిలబెడతారు. ఆ ఫోటోలు చూసి బ్రూనోను అలా నిలబెట్టకు.

మొదటి రోజు ఐదు సెకన్లు నిలబడితే చాలు, ట్రీట్ ఇచ్చి వదిలెయ్. పదికి, ఇరవైకి పెంచుకుంటూ నాలుగో వారానికి నిమిషంన్నర దాకా తీసుకురా. రోజుకు రెండుసార్లు, సారికి మూడు నిమిషాలు మించొద్దు. వాడు విసుక్కోకముందే నువ్వే ఆపాలి. ట్రీట్ శనగగింజంత ఉండాలి. ఉడికించిన చికెన్ గానీ లివర్ గానీ ఆరబెట్టి కోసుకుంటే చేతికి అంటదు. దాన్ని వాడి ముక్కు ఎత్తులో, కాస్త ఎడంగా పట్టుకో. ఎత్తితే తల వెనక్కి విరిచి మెడ పొట్టిగా కనిపిస్తాడు, లేదా కూర్చుంటాడు. స్టాక్ కుదిరాక చేయి పెట్టకుండా నిలబెట్టడం మొదలుపెట్టు. నడిపించి, మెల్లగా ఆగి, వాడికి ఎదురు తిరిగి అర అడుగు వెనక్కి వెయ్. వాడు నీ వైపు ఒక్క అడుగు వేసి ఆగగానే కాళ్లు కుదిరితే వెంటనే ట్రీట్. రింగ్‌లో చివర్లో జడ్జి అందరినీ ఒకేసారి చూసేటప్పుడు ఇది అక్కరకొస్తుంది.

తడిమించుకోవడం నేర్పడానికి మనుషులు కావాలి. వారానికి కనీసం నలుగురైదుగురు కొత్తవాళ్లు వాడిని జడ్జిలా ముట్టుకోవాలి. వాళ్లలో టోపీ పెట్టుకున్నవాళ్లు, నల్లకళ్లద్దాలవాళ్లు, గడ్డంవాళ్లు, చేతికర్రవాళ్లు ఉంటే మరీ మంచిది. ఎదురుగా వచ్చి చేయి వాసన చూపించి, తల, చెవులు, మెడ, భుజాలు, పక్కటెముకలు, వీపు, తొడలు, తోక మొదలు వరకు ఆగకుండా తడిమి వెళ్లాలి. బ్రూనో మగపిల్లాడు కాబట్టి రెండు వృషణాలూ సంచిలోకి దిగాయో లేదో జడ్జి చేత్తో చూస్తారు. మొదటిసారి ఉలిక్కిపడని కుక్క ఉండదు, అందుకే అది కూడా ప్రాక్టీస్‌లో కలుపు. వాడు వెనక్కి తగ్గితే లాగకు, తిట్టకు, అయ్యో నాన్నా అని బుజ్జగించకు కూడా. ఆ మనిషిని రెండడుగులు వెనక్కి పంపి, వాడు కుదుటపడ్డాక మళ్లీ రమ్మను.

పళ్లు చూపించడం మాత్రం జాగ్రత్తగా చెయ్. ఇప్పుడు వాడికి పాలపళ్లు ఊడి అసలు పళ్లు వస్తుంటాయి, చిగుళ్లు నొప్పిగా ఉంటాయి. ఈ రోజుల్లో నోరు బలవంతంగా తెరిస్తే ఆ భయం పెద్దయ్యాక కూడా పోదు. పై పెదవి ఎత్తి రెండు సెకన్లు చూసి వదిలెయ్, ట్రీట్ ఇవ్వు. పళ్లు కుదిరాక ముందు పళ్ల కలయిక, ఆ తర్వాత ఎడమ పక్క, కుడి పక్క చూపించడం నేర్పు. నోరు తెరవాల్సిన పని లేదు, పెదవులు ఎత్తితే చాలు. పై పళ్లు కింది పళ్ల మీదుగా ఆనుకుని దిగాలి, దాన్నే సిజర్ బైట్ అంటారు. చూపించేటప్పుడు నీ తల అడ్డం పెట్టకు.

నడక విషయానికొస్తే, కుక్క ఎప్పుడూ నీకూ జడ్జికీ మధ్య ఉండాలి. ఎక్కువగా నీ ఎడమపక్కే పరుగెత్తాలి. రింగ్ చుట్టూ గడియారానికి ఎదురు దిశలో తిప్పుతారు, తర్వాత ఒక్కొక్కరినీ నేరుగా వెళ్లి రమ్మంటారు, లేదా త్రికోణంలో తిరగమంటారు. ఈ మూడూ ఇంటి దగ్గరే ప్రాక్టీస్ చేయించు. కావాల్సింది ట్రాట్, అంటే కుడి ముందు కాలు ఎడమ వెనక కాలితో, ఎడమ ముందు కాలు కుడి వెనక కాలితో జతగా పడే నడక. చాలా పిల్లలు మెల్లగా నడిపిస్తే ఒకే పక్క ముందు వెనక కాళ్లు కలిపి వేస్తూ, ఒళ్లు పక్కలకు ఊపుకుంటూ పేసింగ్ చేస్తాయి. అలసటవల్ల కావచ్చు, నువ్వు వాడికంటే మెల్లగా నడవటంవల్ల కావచ్చు. అలా జరిగితే ఆగి, మళ్లీ మొదలుపెట్టి మొదటి రెండడుగుల్లోనే వేగం పెంచు. లీష్ బిగబట్టకు. బిగిస్తే ముందు కాళ్లు నేల మీద సరిగ్గా పడవు, మోచేతులు బయటికి విసురుతాయి. అది వాడి లోపంగానే జడ్జికి కనబడుతుంది. వారానికోసారి ముందు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి వీడియో తీయించు. ఫోన్ వాడి ఎత్తులో ఉండాలి.

ఒంటి సంగతి. ల్యాబ్‌ను లావుగా పెంచితే నిండుగా కనిపిస్తుందనే అపోహ చాలామందిలో ఉంది. నాకది అస్సలు నచ్చదు. స్టాండర్డ్‌లోనే ఇది చాలా చురుకైన కుక్క అని, అధిక బరువు పనికిరాదని ఉంది. పక్కటెముకల మీద వేళ్లు ఆడిస్తే ఎముకలు తగలాలి, కంటికి కనిపించకూడదు. ఎదిగే ఎముకలు కాబట్టి బండి పక్కన పరుగెత్తించొద్దు, పచ్చిక మీద వాడి ఇష్టానికి ఆడుకోనివ్వు.

గోళ్లు ఇప్పటినుంచే వారానికోసారి కొంచెం కొంచెంగా కత్తిరించు. ఒక్కసారే పొట్టిగా కోస్తే లోపలి నరం తెగి రక్తం వస్తుంది. తరచుగా కొద్దికొద్దిగా తీస్తుంటే ఆ నరమే వెనక్కి జరుగుతుంది. పొడుగు గోళ్లుంటే వేళ్లు విచ్చుకుని పాదం గుండ్రంగా కనబడదు. ఆఖరిసారి షోకి మూడు రోజుల ముందు తియ్, తెగినా మానే వ్యవధి ఉంటుంది.

స్నానం షోకి మూడు నాలుగు రోజుల ముందు చేయించు. ల్యాబ్ పైబొచ్చు బిరుసుగా ఉండాలి, ముందురోజు తోమితే మెత్తబడి విచ్చుకుంటుంది. చర్మంలోని సహజమైన నూనె మళ్లీ రావడానికి ఆ రోజులు కావాలి. షాంపూ ఏదైనా ఇప్పటిదాకా పడ్డదే వాడు, ఆ వారం కొత్తది మొదలుపెట్టకు. నీళ్లు తేటగా వచ్చేదాకా కడుగు, నురగ మిగిలితే చుండ్రు, దురద వస్తాయి. బొచ్చు పడుకున్న దిశలోనే ఆరబెట్టు. కత్తెర పనంటే తోక కొస గుండ్రంగా సర్దడం, పాదాల కింద వెంట్రుకలు తీయడం, అంతే. వైర్ కోటు టెర్రియర్లకైతే చేత్తో బొచ్చు పీకే పని రెండు మూడు నెలల ముందే మొదలవ్వాలి. నీకా అవస్థ లేదు.

ఎంట్రీ ఫారంలో పేరు, నంబర్, పుట్టిన తేదీ రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయి. వయసు షో రోజుకు లెక్క. ఎఫ్‌సీఐ (అంతర్జాతీయ కెన్నెల్ సమాఖ్య) నియమాల్లో 4 నుంచి 6 నెలలది మైనర్ పప్పీ, 6 నుంచి 9 పప్పీ, 9 నుంచి 18 జూనియర్. క్లాసు తప్పు రాస్తే కష్టమంతా వృథా. టీకా కాగితాలు, మైక్రోచిప్ నంబర్ ఇప్పుడే సరిచూసుకో.

షో రోజు తిండి తేలిగ్గా, నాలుగైదు గంటల ముందే పెట్టెయ్. కడుపు నిండిన కుక్క బెయిట్ వైపు కూడా చూడదు. తాగే నీళ్లు ఇంటి నుంచే పట్టుకెళ్లు, నీళ్లు మారితే కొన్నింటికి విరేచనాలవుతాయి. క్రేట్‌లో (కుక్కను ఉంచే బోనులో) పడుకోవడం ముందే అలవాటు చెయ్. ఎండగా ఉంటే నీడలో ఉంచు, కారులో ఒంటరిగా మాత్రం ఒక్క నిమిషం కూడా వదలకు. నీ రింగ్ టైముకు రెండు గంటల ముందే చేరి నంబర్ తీసుకుని ఎడమ చేతికి కట్టుకో. నీ ముందు క్లాసును గమనిస్తే జడ్జి ఎక్కడ నిలబెడుతున్నారో, ఎలా తిప్పుతున్నారో తెలుస్తుంది. లోపలికెళ్లే ముందు ఒకటికి పోయించడం మర్చిపోకు. వాడి రంగుకు తేడాగా కనబడే బట్టలు వేసుకో. నల్ల కుక్క పక్కన నల్ల ప్యాంటు వేసుకుంటే వాడి కాళ్లు అందులో కలిసిపోతాయి. జారని చెప్పులు, వేలాడే కొంగులేమీ లేని దుస్తులు, జేబులో చిల్లర లేకుండా వెళ్లు. ముందు కుక్కకు దూరం పాటించు, వెనకాల నుంచి ఎక్కేయకు. బెయిట్ నేల మీద పడితే వెంటనే తీసెయ్, తర్వాత వచ్చే కుక్క దాని కోసం ముక్కు కిందపెడుతుంది. జడ్జి వయసు అడిగితే నెలల్లో చెప్పు, అంతకు మించి మాట్లాడొద్దు.

కొన్ని షోల్లో జడ్జి రాతపూర్వకంగా అభిప్రాయం ఇస్తారు. ఆ కాగితం దాచుకో, ట్రోఫీ కంటే అది పనికొస్తుంది. ఎఫ్‌సీఐలో పప్పీకి ఇచ్చే పై గ్రేడు 'వెరీ ప్రామిసింగ్'. అది రాకపోయినా వాడు రింగ్‌లోంచి తోకాడించుకుంటూ బయటికొస్తే ఆ రోజుకు నీ పని బాగా జరిగినట్టే లెక్క. ఇంటికి వచ్చాక వారం పది రోజులు దగ్గు వస్తుందేమో గమనించు. అంతమంది కుక్కల మధ్య కెన్నెల్ కాఫ్ అనే అంటుదగ్గు త్వరగా అంటుకుంటుంది. దగ్గితే వేరే కుక్కల దగ్గరకు పంపకుండా డాక్టరుకు చూపించు.

ఈ ఆదివారం మ్యాట్ మీద నిలబెట్టి పక్కనుంచి ఒక ఫోటో తీసి పంపు. వెనక కాళ్లు ఎంత దూరంలో ఉండాలో చూసి రాస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న