ఫ్లైట్‌కి ఇంకా పదకొండు రోజులుంది చిన్నమ్మా

“చిన్నమ్మా, ప్రాజెక్ట్ రిపోర్ట్ ఇచ్చేశా. ఫ్లైట్‌కి ఇంకా పదకొండు రోజులుంది. ఏడాదిగా లండన్‌లో ఉన్నానన్న పేరే గానీ ఈస్ట్‌హామ్ రూమ్, కాలేజీ, వేర్‌హౌస్ షిఫ్టులు తప్ప ఏమీ చూడలేదు. అమ్మ షాపింగ్ లిస్ట్ పంపింది. డిపాజిట్ రావాలి. ఊరు తిరగాలని కూడా ఉంది. ఏది ముందు చెయ్యాలి? ఎక్కడికి వెళ్లాలి? చేతిలో పెద్దగా డబ్బుల్లేవు.”

మా అక్క కొడుకు పంపిన వాయిస్ మెసేజ్ ఇది. నేనిప్పుడు నల్లకుంటలో అమ్మ దగ్గరున్నాను. మా సందు మొదట్లోనే వినాయక మండపం. మైకు మోతలో మూడుసార్లు వింటే గానీ వాడేమడుగుతున్నాడో అర్థం కాలేదు. ఇదే మోతలో నేను జవాబు రికార్డు చేస్తే వాడికి పాటలు తప్ప ఇంకేమీ వినపడదు. అందుకే రాస్తున్నాను. ఎలాగూ ఏటా సెప్టెంబరులో కోర్సు ముగించుకుని తిరిగొచ్చే పిల్లలు ఎవరో ఒకరు ఇదే అడుగుతుంటారు.

షాపింగ్ సంగతి ముందు తేల్చేద్దాం. వద్దు నాన్నా.

నా కోర్సు 2004లో అయిపోయింది. చేతిలో పన్నెండు రోజులుండేవి. అమ్మ ఫోన్లో చెబుతుంటే రాసుకున్న లిస్టులో ఇరవై ఏడు పేర్లున్నాయి. పెద్దమ్మకి స్వెటర్, మామయ్యకి సెంటు, కింద వాటా వాళ్లకి కూడా ఏదో ఒకటి. పన్నెండు రోజులూ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో సేల్ బోర్డులు చదవడంతోనే సరిపోయింది. బేగంపేటలో దిగి, ఇంటికొచ్చి సూట్‌కేసు తెరిస్తే చాక్లెట్లన్నీ ఒకటే ముద్ద. అమ్మ దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి, కత్తితో కోసి పంచింది. మామయ్య సెంటు సీసా ఇప్పటికీ ఆయన బీరువాలో మూత తియ్యకుండా ఉంది.

నన్ను ఏమీ తెమ్మనని మనిషి తాతయ్య ఒక్కడే. హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యాడు. “బ్రౌన్ దొర సమాధి చూశావా?” అన్నాడు. మన వేమన పద్యాల ప్రతులు వెతికించి, ఇంగ్లీషు అర్థాలతో 1829లో అచ్చేయించిన సి.పి. బ్రౌన్. ఆయన తెలుగు నిఘంటువు రీప్రింటు ఒకటి, అట్ట ఊడిపోయి గుడ్డ బైండింగుతో, తాతయ్య బల్ల మీద ఎప్పుడూ ఉండేది. “చూశాను తాతయ్యా, బాగుంది” అన్నాను. “రాతి మీద ఏం చెక్కారు?” అన్నాడు. నేను నీళ్లు నమిలాను. ఆయన ఇంకేమీ అనలేదు. కళ్లజోడు తుడుచుకుని పేపర్లో తల దూర్చాడు. అసలు ఆ సమాధి లండన్‌లో ఉందన్న సంగతే నాకు అప్పటిదాకా తెలీదు.

కాబట్టి లిస్టు గురించి అక్కతో నేను మాట్లాడతాను. ఈ రోజుల్లో అమీర్‌పేటలో దొరకనిది అక్కడ ఏముంది గనక?

ఇక రూమ్ లెక్కలు. వీటిని చివరికి నెట్టుకోకు. మొదటి రెండు రోజులూ వీటికే ఇచ్చేసెయ్. ఇంగ్లండ్‌లో మామూలు అద్దె ఇంటికైతే ఓనరు డిపాజిట్‌ని 30 రోజుల్లోపు ప్రభుత్వం ఒప్పుకున్న స్కీములో వెయ్యాలి. మన స్టూడెంట్లు కట్టే అద్దెలకు ఐదు వారాల అద్దెకు మించి తీసుకోకూడదు కూడా. ఇదంతా కాగితం ఉన్నవాళ్లకి. నీ సంగతి నాకు తెలుసు. షేరింగ్ రూమ్, పేపర్లో పేరు ఇంకో అన్నది, నువ్విచ్చింది క్యాష్. అలాంటప్పుడు చట్టం గురించి మాట్లాడి లాభం లేదు. నీ బెడ్‌లోకి వచ్చే మనిషిని నువ్వే వెతికి పెట్టు. సెప్టెంబరు కదా, కొత్త బ్యాచ్ దిగే టైము, కష్టం కాదు. వచ్చేవాడు ఆ అన్నకి ఇచ్చే డబ్బు అదే రోజు నీకు వచ్చేట్టు ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి. గది ఖాళీ చేశాక గోడలు, పరుపు, కిచెన్ ఫొటోలు తీసుకో. కరెంటు, గ్యాస్ మీటర్ రీడింగులు కూడా.

బ్యాంక్ అకౌంట్ మాత్రం క్లోజ్ చెయ్యొద్దు. నేను చేశాను. నా ఓనరు డిపాజిట్‌కి చెక్కు పంపాడు. అది నేను ఇల్లు చేరిన మూడు వారాలకి పోస్టులో నల్లకుంట వచ్చింది. పౌండ్ల చెక్కు, వేసుకోవడానికి అక్కడ ఖాతా లేదు. ఇక్కడి బ్యాంకులో దాన్ని చూసి ఒకాయన ఇంకొకాయన దగ్గరికి పంపాడు, ఆయన మళ్లీ మొదటాయన దగ్గరికి పంపాడు. నెలన్నర తర్వాత, కమిషన్లు పోను వచ్చినదాంతో నాకు రెండు చుడీదార్లు వచ్చాయి. డిపాజిట్, ఆఖరి జీతం, ట్యాక్స్ వెనక్కి రావాల్సింది ఏదైనా ఉంటే అది, అన్నీ పడేదాకా ఖాతా అలాగే ఉంచు. ఖాతా ఉంచి సిమ్ వదిలేసినా పని జరగదు, ఓటీపీ దానికే వస్తుంది. నెలవారీ ప్లాన్ తీసేసి, వాడినంతకే డబ్బు పోయే ప్లాన్‌కి మార్చుకో.

వేర్‌హౌస్ వాళ్ల దగ్గర పీ45 తీసుకో, ఉద్యోగం మానేటప్పుడు నీ జీతం, కట్ అయిన ట్యాక్స్ రాసిచ్చే కాగితం అది. ట్యాక్స్ ఎక్కువ కట్ అయి ఉంటే, దేశం వదిలి వెళ్తున్నానని చెప్పే పీ85 ఫారం అక్కడి ట్యాక్స్ ఆఫీసు హెచ్ఎంఆర్‌సీకి పంపి వెనక్కి అడగొచ్చు. యూనివర్సిటీ సైట్‌లో అడ్రస్ మార్చి ఉప్పల్ ఇంటిది పెట్టు, లేకపోతే నీ డిగ్రీ ఈస్ట్‌హామ్ డోర్‌మ్యాట్ మీద పడుంటుంది. నువ్వు వచ్చేస్తున్నావు కాబట్టి నీకు అక్కర్లేదు గానీ, నీ రూమ్మేట్లకి చెప్పు: చదువయ్యాక అక్కడే ఉండి పని చేసుకోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా వెయ్యాలనుకుంటే యూకేలో ఉండగానే, స్టూడెంట్ వీసా గడువు దాటకముందే వెయ్యాలి. ఒకసారి హైదరాబాద్ వచ్చి అమ్మ చేతి అన్నం తిని అప్పుడు వేస్తానంటే కుదరదు. ఇలా పోగొట్టుకున్న అబ్బాయి ఒకడు మా వీధిలోనే ఉన్నాడు.

అయిపోయింది. ఇంక ఊరు.

బిగ్ బెన్, ఎర్ర ఫోన్ బూత్, టవర్ బ్రిడ్జ్ దగ్గర ఫొటోలు. ఇవి వద్దంటే నువ్వు వినవు, మీ అమ్మ కూడా వినదు. ఒక్క పూటలో కానిచ్చెయ్. టవర్ ఆఫ్ లండన్‌లో కోహినూర్ ఉంది గానీ టికెట్ బాగా ఎక్కువ. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకునే మన వజ్రాన్ని చూడ్డానికి మనమే డబ్బు కట్టాలా అని నాకెప్పుడూ ఒళ్లు మండుతుంది. నేను ఇన్నేళ్లలో ఒక్కసారే వెళ్లాను, అదీ ఇండియా నుంచి వచ్చిన చుట్టాల కోసం.

దాని బదులు బ్రిటిష్ మ్యూజియంకి వెళ్లు. ప్రవేశం ఉచితం. శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంటుంది, షిఫ్ట్ అయ్యాక కూడా వెళ్లొచ్చు. జనమంతా ఈజిప్టు మమ్మీల వైపు పోతారు. నువ్వు 33వ గదిలోకి వెళ్లి చివరిదాకా నడువు. అక్కడ 33ఎ అనే గదిలో, అద్దాల వెనక, అమరావతి ఉంటుంది. మన గుంటూరు పక్క అమరావతే. 1845లో వాల్టర్ ఇలియట్ అనే కంపెనీ అధికారి తవ్వించి మద్రాసు చేర్చిన బౌద్ధ స్తూపం రాళ్లు, 1859లో ఓడెక్కి లండన్ వచ్చాయి. గది తెరిచి ఉంటుందో లేదో ముందు సైట్‌లో చూసుకుని వెళ్లు.

ఆ రాళ్లలో ఒక పలకని మాత్రం వదలకుండా చూడు. దాని మీద స్తూపం బొమ్మే చెక్కి ఉంటుంది. అండం అనే గుండ్రటి గోపురం, చుట్టూ కంచె, వాకిట్లో నిలువెత్తు స్తంభాలు, పైన ఎగిరే దేవతలు. స్తూపం ఎలా ఉండేదో ఇవాళ మనకు తెలుస్తోందంటే చాలావరకు ఇలాంటి పలకల పుణ్యమే. దాని వెనకవైపు ఇంకా పాత శిల్పం ఉంది, ఖాళీ ఆసనం, బోధి చెట్టు, చుట్టూ దణ్ణం పెడుతున్న మనుషులు. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కని రోజులవి. కొన్ని వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి రెండో వైపు కొత్త బొమ్మ చెక్కారు. మా అమ్మ పాత శుభలేఖ వెనక సరుకుల లిస్టు రాసినట్టు. నేను మొదటిసారి చూసినప్పుడు నా పక్కన ఒక ఇంగ్లీషు పెద్దావిడ స్కెచ్ గీసుకుంటూ, “మీదే ఊరు?” అని అడిగింది. హైదరాబాద్ అన్నాను. ఇక్కడికి ఎంత దూరం అని రాయి వైపు చూపించింది. బస్సులో ఆరేడు గంటలు అన్నాను గానీ, నేను అప్పటికి అమరావతికి వెళ్లలేదని చెప్పలేదు. అబద్ధాలాడటం మనకి అలవాటే కదా.

తర్వాత బ్రౌన్ దొర. ఈస్ట్‌హామ్‌లో డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కి ఎంబాంక్‌మెంట్‌లో బేకర్లూ లైన్‌కి మారితే కెన్సల్ గ్రీన్ స్టేషన్. 1833లో మొదలైన శ్మశానం అది, డెబ్బై ఎకరాల పైన. ఉద్యోగం మీద నేను మళ్లీ లండన్ చేరిన ఏడాది, నవంబరులో, గేటు మూసే ముందు గంటలో వెళ్లి వానలో తిరిగి తిరిగి దొరక్క వచ్చేశాను. రెండోసారి పొద్దున్నే వెళ్లి ఆఫీసులో అడిగాను. ఊరికే ‘బ్రౌన్’ అంటే వందమంది ఉంటారు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, మరణం 1884 అని రాసి చూపించు. రాతి మీద ఏం చెక్కారో నేను చెప్పను. నువ్వే చదివి రాసుకుని రా.

ఒక రోజు నదికి ఇవ్వు. డీఎల్‌ఆర్ రైలుకి డ్రైవర్ క్యాబిన్ ఉండదు, మొట్టమొదటి సీటు ఖాళీగా ఉండే బండి వచ్చేదాకా ఆగి ఎక్కు. ఇరవై మూడేళ్లవాడివైనా సిగ్గుపడకు, అక్కడ కోటు టై వేసుకున్నవాళ్లు కూడా ఆ సీటు కోసం పోటీ పడతారు. కటీ సార్క్‌లో దిగి గ్రీనిచ్ కొండ ఎక్కు. అబ్జర్వేటరీ లోపలికి టికెట్, బయట గేటు పక్కన గోడలో ఉన్న గడియారం ఉచితం. పన్నెండు కాదు, ఇరవై నాలుగు గంటల ముఖం దానిది. వేసవిలో ఊరంతా గంట ముందుకి జరిపినా అది జరగదు. నీ ఫోన్‌తో పోల్చి చూస్తే గంట వెనక ఉంటుంది. సాలార్‌జంగ్‌లో గంట కొట్టే బొమ్మ కోసం కుర్చీల్లో కూర్చుంటామే, అలా ఇక్కడ కూడా కాసేపు కూర్చో. ఆ గడియారానికి అయిదున్నర గంటలు కలిపితే ఎండాకాలమైనా చలికాలమైనా మీ అమ్మ టైము. సాయంత్రం బస్సులో వూలిచ్ వెళ్లి ఫెర్రీ ఎక్కు. 1889 నుంచి టికెట్ లేకుండా మనుషుల్ని, బళ్లని థేమ్స్ దాటిస్తోంది. అప్పుడప్పుడు ఆపేస్తుంటారు, నడుస్తోందో లేదో చూసుకో. అవతలి ఒడ్డున ఒక బస్సెక్కితే నీ రూమే.

చాక్ ఫామ్ స్టేషన్ దగ్గర కింగ్ హెన్రీస్ రోడ్‌లో 10 నంబరు ఇల్లు అంబేడ్కర్ చదువుకునే రోజుల్లో, 1921-22లో, ఉన్నది. చూసి ప్రిమ్‌రోజ్ హిల్ ఎక్కి కూర్చో. తిరిగి వచ్చేటప్పుడు కామ్డెన్ దాకా నడిచి 24 నంబరు బస్సులో పై అంతస్తు ఎక్కితే ట్రఫాల్గర్ స్క్వేర్, పార్లమెంటు అన్నీ కిటికీలోంచే వస్తాయి. టూరిస్టు బస్సు డబ్బులు దండగ. మామూలు బస్సులో ఒకసారి కార్డు ట్యాప్ చేశాక గంటలోపు ఎన్ని బస్సులెక్కినా మళ్లీ చార్జీ పడదు.

ఒక రోజేమో ఎక్కడికీ పోవద్దు. ఈస్ట్‌హామ్ హై స్ట్రీట్ నార్త్‌లో ఆ చివర నుంచి ఈ చివరకి నడువు. ఏడాదిగా అరువు పెట్టిన కిరాణా షాపాయనకి బాకీ కట్టి చెప్పి రా. షిఫ్టులో నీకు గ్లవ్స్ ఇచ్చిన ఆ రొమేనియా ఆయనకి కూడా. మన పిల్లలు ఎక్కువమంది ఇలాంటి వాళ్లకి చెప్పకుండానే వచ్చేస్తారు, తర్వాత ఏళ్ల తరబడి ఆ పేర్లు గుర్తు తెచ్చుకుంటూ ఉంటారు.

లెక్కేస్తే నువ్వు శంషాబాద్‌లో దిగేది నిమజ్జనం మర్నాడు. బతికిపోయావు. ఒక్కరోజు ముందైతే ట్యాంక్‌బండ్ చుట్టూ దారులు మూసేసి మనల్ని నల్లకుంట చేర్చడానికి ఏ గంటైనా అయ్యేది. మీ నాన్న కారు తెస్తాడు, నేనూ వస్తాను. బ్యాగు ఇరవై మూడు కిలోలు దాటనియ్యకు. దుప్పట్లు, గిన్నెలు ఛారిటీ షాపులో ఇచ్చెయ్.

కుక్కర్ మాత్రం ఇవ్వకు. అది నేను రెండోసారి వెళ్లినప్పుడు బేగంబజార్‌లో కొని తీసుకెళ్లింది. నాకు తెలిసి నువ్వు ఏడోవాడివి. హనుమకొండ నుంచి వచ్చే వారం ఒక అమ్మాయి దిగుతోంది, నంబర్ పంపిస్తాను, దాని చేతికే ఇచ్చి రా. గాస్కెట్ వదులైందని నువ్వే అన్నావుగా. వండే ముందు పావుగంట ఫ్రీజర్‌లో పెట్టి బిగిస్తే విజిల్ వస్తుందని చెప్పు. కొత్తది నేను వచ్చేటప్పుడు తెస్తాను.