విండోస్ 7 ఉంచుకునే లినక్స్ వేసుకోవచ్చు, కానీ ఆ పాత డిస్కును ముట్టకు

తమ్మీ, నువ్వడిగింది ఇదే గదా, ఇంట్ల పాత డెస్క్‌టాప్ ఉంది, కోర్ 2 డ్యుయో ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 7. మీ బాపు ఇంట్లనే డీటీపీ పని చేస్తడు, తెలుగు టైపు చేసే అను ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ మొత్తం దాంట్లనే ఉన్నయ్ కాబట్టి విండోస్ పోవద్దు, నీకేమో డిగ్రీల ప్రోగ్రామింగ్ కోసం లినక్స్, అంటే విండోస్ లెక్కనే ఇంకో ఆపరేటింగ్ సిస్టం (ఓఎస్), కావాలె, షాపుల అడిగితే మొత్తం ఫార్మాట్ కొట్టాలె అన్నరు, ఇంకా లినక్స్‌ల బాపు అలవాటైన కీబోర్డుతోని తెలుగు టైప్ అయితదా అని కూడా అడిగినవ్. ఫార్మాట్ అస్సలు అక్కర్లేదు. తెలుగు సంగతి చివర్ల చెప్త.

మాది హన్మకొండ. మా బావకు డీటీపీ షాపు ఉంది, పెండ్లి కార్డులు, ఫ్లెక్సీలు, స్కూళ్ళ కరపత్రాలు కొడ్తడు. ఆయన కొత్త సిస్టం కొన్నంక పాతది మా ఇంటికి వచ్చింది, దాదాపు నీ దగ్గర ఉన్నసొంటిదే. ఇచ్చేశిండు అనే మాటే గానీ పాత ఫైలు అవసరం పడ్డప్పుడల్లా పెన్ డ్రైవ్ పట్టుకుని మా ఇంటికే వస్తడు, మేడారం జాతర ముందైతే ఇగ చెప్పనే వద్దు, పోయిన జాతర ఫ్లెక్సీ డిజైన్ తీసి తేదీలు మార్చి పొద్దుగాల వరకు ప్రింటుకు పంపాలె. అంటే ఆ విండోస్ 7 ఒక్క రోజు కూడా ఆగొద్దు, నాకేమో లినక్స్ కావాలె. నీ పరిస్థితీ అదే కాబట్టి నేను ఏం చేశిన్నో, దాంతోని ఎందుకు పరేషాన్ కాలేదో చెప్త.

అసలు మాట ఏందంటే, విండోస్ ఉన్న హార్డ్ డిస్కును ముక్కలు చెయ్యకు. ఒక చిన్న ఎస్ఎస్‌డీ, అంటే లోపల ఏం తిరగని ఫాస్ట్ డిస్కు, కొను, 120 జీబీ దొరికినా సరే 240 అయితే ఇంకా మంచిది, సాటా కేబుల్‌కు తగిలే రకం, 2.5 ఇంచులది. లినక్స్ దాంట్ల వెయ్యి. వేసేటప్పుడు పాత హార్డ్ డిస్క్ కేబుల్ పీకి పక్కన పెట్టు. సిస్టం ఆఫ్ చేసి, ప్లగ్ కూడా తీసి, సైడు ప్యానెల్ విప్పి హార్డ్ డిస్క్‌కు ఉన్న సాటా డేటా కేబుల్, పవర్ కేబుల్ రెండూ తియ్యి, ఎస్ఎస్‌డీ తగిలియ్యి, ఇగ ఇన్‌స్టాలర్‌కు కనపడేది ఒక్కటే డిస్కు. 'మొత్తం డిస్క్ ఎరేజ్ చెయ్యి' అనే ఆప్షన్ భయం లేకుండ నొక్కొచ్చు, ఎందుకంటే ఎరేజ్ కావడానికి అక్కడ ఏం లేదు. మీ బాపు ఫైళ్ళు టేబుల్ మీద ఉన్నయ్.

కేబుల్ పీకుడు అతి జాగ్రత్త అనుకోకు, దీనికి కారణం ఉంది. రెండు డిస్కులు తగిలిచ్చి ఉంచి లినక్స్ వేస్తే ఇన్‌స్టాలర్ చాలాసార్లు బూట్‌లోడర్‌ను, అంటే సిస్టం ఆన్ కాంగనే ఓఎస్‌ను లేపే గ్రబ్ అనే ప్రోగ్రాంను, మొదటి డిస్క్ మీదనే రాస్తది, అది విండోస్ డిస్కే అయి ఉంటది. అప్పుడు రేపు ఎస్ఎస్‌డీ ఖరాబైనా, నువ్వు తీసి వేరే సిస్టంల పెట్టుకున్నా, విండోస్ కూడా బూట్ కాదు, గ్రబ్ రెస్క్యూ అని నల్ల స్క్రీన్ వచ్చి కూసుంటది. కేబుల్ పీకి వేస్తే దేని బూట్ దానిదే. ఎస్ఎస్‌డీ తీసేస్తే కంప్యూటర్ నిన్నటి లెక్కనే విండోస్ 7 తోని లేస్తది.

అయిపోయినంక ఆఫ్ చేసి హార్డ్ డిస్క్ మళ్ళ తగిలియ్యి, బయాస్‌లకు, అంటే బోర్డు సెట్టింగులల్లకు, పొయ్యి మొదటి బూట్ డిస్క్ ఎస్ఎస్‌డీ అని పెట్టు, లినక్స్‌లకు వచ్చి టెర్మినల్‌ల సుడో అప్‌డేట్-గ్రబ్ కొట్టు. ఓఎస్-ప్రోబర్ అనే ప్రోగ్రాం రెండో డిస్కుల విండోస్ 7ను పట్టుకుని మెనూల కలుపుతది. గ్రబ్ 2.06 నుంచి ఈ ఓఎస్-ప్రోబర్‌ను డిఫాల్ట్‌గా ఆఫ్ చేశిన్రు, కాబట్టి కొన్ని డిస్ట్రోల్ల, అంటే లినక్స్ రకాలల్ల, విండోస్ కనపడదు, అప్పుడు గ్రబ్ సెట్టింగ్ ఫైలుల 'డిసేబుల్ ఓఎస్ ప్రోబర్' అనే లైను ఫాల్స్ అని పెట్టి మళ్ళ అప్‌డేట్ కొట్టాలె. ఇదంతా లొల్లి అనిపిస్తే మెనూనే వద్దు, సిస్టం ఆన్ కాంగనే బూట్ మెనూ కీ, బోర్డును బట్టి ఎఫ్12, ఎఫ్11, ఎఫ్8 ఏదో ఒకటి ఉంటది, అది నొక్కి డిస్క్ ఎంచుకుంటే చాలు. మా ఇంట్ల ఇట్లనే చేస్తం, ఏ కీ నొక్కకపోతే విండోస్ వచ్చేటట్టు పెట్టిన, బావకు లినక్స్ ఉన్న సంగతే పట్టది.

పాత క్యాబినెట్‌లల్ల ఒకటి చూస్కో, పవర్ సప్లయ్‌కు సాటా పవర్ పిన్ను ఒకటో రెండో ఉంటయ్, డీవీడీ డ్రైవ్‌ది తీసి ఎస్ఎస్‌డీకి పెట్టొచ్చు, లేకుంటే మోలెక్స్ నుంచి సాటా కన్వర్టర్ అని అడిగితే ఇస్తరు, చిన్న వైరే. ఇంకోటి, ఎస్ఎస్‌డీ పెట్టినం గదా అని బయాస్‌ల సాటా మోడ్‌ను, అంటే బోర్డు డిస్కుతోని మాట్లాడే పద్ధతిని, పాత ఐడీఈ నుంచి కొత్త ఏహెచ్‌సీఐకి మార్చకు. యూట్యూబ్‌ల మార్చుమని చెప్తరు, మారిస్తే ఐడీఈల ఇన్‌స్టాల్ అయిన విండోస్ 7 బ్లూ స్క్రీన్ కొడ్తది, రిజిస్ట్రీల ముందే డ్రైవర్ ఆన్ చేసుకోకపోతే లెవ్వది. ఐడీఈ మోడ్‌ల ఉన్నా ఎస్ఎస్‌డీ పాత హార్డ్ డిస్క్ కంటే మస్తు ఫాస్ట్, నీకు ఆ తేడా చాలు.

ఎస్ఎస్‌డీకి పైసలు లేవు, ఒకే డిస్కుల వేసుకుంట అంటవా, అది కూడా అయితది, మస్తు మంది అట్లనే నడుపుతున్నరు. నాకు మాత్రం పాత డిస్కుల విషయంల ధైర్యం చాలదు. పార్టిషన్, అంటే డిస్కుల చేసిన ముక్క, చిన్నగ చేసుడంటే కిరాయికున్నోళ్ళు ఇంట్ల ఉండంగనే గోడ జరిపినట్టు, లోపల ఉన్న ఫైళ్ళు జరిపి జరిపి సరిహద్దు మారుస్తది, అది సగంల ఉన్నప్పుడు కరెంటు పోయిందనుకో, ఎండకాలం మధ్యాహ్నం మన దిక్కు గాలిదుమారం లేస్తే ఏమైతదో నీకు తెలుసు, డేటా ఆగమైతది. యూపీఎస్ బ్యాటరీ సక్కగ ఉంటేనే ఆ పనికి దిగు. ఇంకా పది పన్నెండేండ్లు తిరిగిన డిస్కు అయితే ముందు స్మార్ట్ రిపోర్ట్, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్క, చూడు, లినక్స్ లైవ్ పెన్ డ్రైవ్‌తోని (ఇన్‌స్టాల్ చెయ్యకుండనే లినక్స్ నడిచేది) బూట్ చేసి డిస్క్స్ అనే యాప్ తెరిస్తే చూపిస్తది. రీఅలొకేటెడ్ సెక్టార్లు (ఖరాబై పక్కకు పెట్టినయ్), పెండింగ్ సెక్టార్లు (ఖరాబని అనుమానం ఉన్నయ్) సున్నా కాకుండ పెరుగుతున్నయ్ అంటే లినక్స్ పక్కన పెట్టి ముందు బాపు ఫైళ్ళు కాపీ చెయ్యి.

ఒకే డిస్క్ అయితే చూడాల్సింది పార్టిషన్ల లెక్క. విండోస్ 7 కాలం డెస్క్‌టాప్‌లు ఎక్కువ ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పద్ధతి, దాంట్ల ప్రైమరీ పార్టిషన్లు 4 కంటే ఎక్కువ పడవు. విండోస్ తనంతట తానే 100 ఎంబీ సిస్టం రిజర్వ్‌డ్ అని ఒకటి చేసుకుంటది, సీ ఒకటి, డీ ఒకటి, ఇట్ల అయిపోతయ్. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి రంగులు చూడు, ముదురు నీలం ప్రైమరీ, లేత నీలం లాజికల్, చుట్టూ ఆకుపచ్చ గీత ఉంటే అది ఎక్స్‌టెండెడ్, అంటే లోపల లాజికల్ ముక్కలు పెట్టుకునే పెద్ద ముక్క. ఎక్స్‌టెండెడ్ ఉంటే నీ అదృష్టం, ఈ డ్రైవో ఎఫ్ డ్రైవో ఖాళీ చేసి, డిలీట్ చేసి, ఆ జాగల లినక్స్ వెయ్యి, లినక్స్‌కు లాజికల్ పార్టిషన్ అయినా ఏం ఫరక్ పడది. సీ డ్రైవ్ ముట్టాల్సిన పనే రాదు.

నాలుగూ ప్రైమరీలే ఉంటేనే పైలం. అప్పుడు విండోస్‌ల ఇంకో పార్టిషన్ చేద్దామని నొక్కితే, డిస్కును డైనమిక్‌గ మారుస్త, సరేనా అని ఒక డబ్బా వస్తది. ఎస్ అని కొట్టకు. మారినంక రంగు మారి మట్టి రంగుకు వస్తది, లినక్స్ ఇన్‌స్టాలర్లకు ఆ డిస్కు అర్థం కాదు, డేటా పోకుండ మళ్ళ బేసిక్‌కు తెచ్చే ఆప్షన్ విండోస్‌ల లేదు. ఒకే డిస్కుల వేసుకునేటోళ్ళు దెబ్బ తినేది ఎక్కువ ఇక్కడనే, లినక్స్ దాకా రాకముందే, ఇంకా విండోస్‌ల ఉండంగనే.

సీ డ్రైవ్‌నే తగ్గించాలె అంటే విండోస్‌ల ఉన్న ష్రింక్ తోనే తగ్గించు, లినక్స్ వైపు నుంచి కాదు. 200 జీబీ ఖాళీ ఉన్నా 40 జీబీ కంటే ఎక్కువ తగ్గించ రాదు అంటదొకోసారి, పేజ్ ఫైలు, హైబర్నేషన్ ఫైలు, రీస్టోర్ పాయింట్లు మధ్యల అడ్డం కూసుంటయ్ కాబట్టి. వాటిని తాత్కాలికంగ ఆఫ్ చేసి రీస్టార్ట్ కొట్టి మళ్ళ చూస్తే జాగ దొరుకుతది. హైబర్నేట్ (ర్యామ్‌ల ఉన్నదంతా డిస్కుల దాచి ఆఫ్ అయ్యే పద్ధతి) అయితే ఎప్పటికీ ఆఫే ఉంచు, విండోస్ హైబర్నేట్‌ల ఉండంగ లినక్స్ నుంచి ఆ డ్రైవ్‌ల ఏమన్న రాస్తే ఫైల్ సిస్టం పాడైతది.

డిస్ట్రో అంటే నేను లినక్స్ మింట్ల తేలిక రకం, ఎక్స్‌ఎఫ్‌సీఈ, వేశిన, 22 వర్షన్‌కు 2029 దాకా అప్‌డేట్లు ఉన్నయ్. కనీసం 2 జీబీ ర్యామ్ అంటరు, 4 ఉంటే హాయి, నీకు ఉంది. మీ విండోస్ 32 బిట్ అయి ఉండొచ్చు, దాన్ని చూసి 32 బిట్ లినక్స్ కోసం ఎతకకు, కోర్ 2 డ్యుయో 64 బిట్‌దే, ఆ రోజులల్ల షాపులోళ్ళు దానిమీద 32 బిట్ విండోస్ ఎక్కిచ్చేటోళ్ళు అంతే. కంపైలర్లు, పైథాన్, ఎడిటర్ అన్నీ సక్కగ నడుస్తయ్. 4 జీబీల బరువంతా బ్రౌజర్‌దే, ఇరవై ట్యాబులు తెరిచి లినక్స్ స్లో అనొద్దు.

పెన్ డ్రైవ్ చేసేటప్పుడు విండోస్ 7 మీద కొత్త రూఫస్ (పెన్ డ్రైవ్‌ను బూట్ అయ్యేటట్టు చేసే ప్రోగ్రాం) నడవది, 3.22 వర్షన్ దించుకో, ఆ ఓఎస్‌కు అదే ఆఖరుది. పాత బయాస్‌లల్ల పెన్ డ్రైవ్ యూఎస్‌బీ కింద కనపడకపోతే హార్డ్ డిస్క్ డ్రైవ్స్ లిస్టు లోపల చూడు, అక్కడ దాక్కుని ఉంటది, దాన్ని పైకి జరపాలె.

వేసినంక తెల్లారే నీకు వచ్చే ఫోను చెప్పనా, 'కంప్యూటర్ టైం తప్పు చూపిస్తుంది' అని. విండోస్ బోర్డు మీది గడియారాన్ని మన టైం అనుకుంటది, లినక్స్ యూటీసీ, అంటే లోకమంతటికీ ఒకే లెక్క టైం, అనుకుంటది, మనకు తేడా ఐదున్నర గంటలు. నువ్వు లినక్స్ వాడి ఆఫ్ చేసినంక రాత్రి 9 గంటలకు విండోస్ తెరిస్తే మధ్యాహ్నం 3:30 చూపిస్తది. లినక్స్‌ల టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్టీసీ 1 అని ఒక్కసారి కొడితే అది కూడా మన టైంనే రాస్తది. ఇట్ల ఐదున్నర గంటలు కాకుండ ఏకంగ ఏండ్ల కింది తేదీ చూపిస్తే మాత్రం అది వేరే రోగం, బోర్డు మీద సీఆర్2032 బటన్ సెల్ అయిపోయింది, చిన్న సెల్లు, మార్చు. తేదీ తప్పు ఉంటే బ్రౌజర్‌ల అన్ని సైట్లకూ సర్టిఫికేట్ ఎర్రర్లు వస్తయ్, నెట్ పోయిందనుకుని రూటర్ మీద పడ్తరు.

విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2020 జనవరి 14తోనే అయిపోయింది, క్రోమ్ కూడా 109 దగ్గరనే ఆగింది. కాబట్టి ఆ సైడు నెట్ బంద్ పెట్టు, బాపుకు మెయిల్ల వచ్చిన ఫోటోలు గిట్ల లినక్స్‌ల దించి డీ డ్రైవ్‌ల వెయ్యి, లినక్స్‌కు విండోస్ డ్రైవ్‌ల ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిల రాయడం వచ్చు. బ్యాంకు పనులు కూడా లినక్స్‌లనే. ప్రింటర్ మాత్రం వేసే ముందే లైవ్ పెన్ డ్రైవ్‌తోని టెస్ట్ చేస్కో, హెచ్‌పీవి చాలా వరకు తగిలియ్యంగనే పనిచేస్తయ్, కొన్ని పాత చిన్న లేజర్ ప్రింటర్లకు లినక్స్ డ్రైవర్ పెద్ద తలనొప్పి. మా దాంతోని నేను కొట్లాడలేదు, ప్రింట్ కావాలంటే పీడీఎఫ్ చేసి విండోస్‌లకు పోత.

ఇగ తెలుగు. అను, పేజ్‌మేకర్‌లను లినక్స్‌ల వైన్ (విండోస్ ప్రోగ్రాంలు నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి నడిపిద్దామని చూడకు, పని మీద ఆధారపడేటోళ్ళకు అది నమ్మకం కాదు, వాటికోసమే గదా విండోస్ ఉంచుకున్నం. మామూలు తెలుగు, అంటే ఫోన్లల్ల, నెట్‌ల వాడే యూనికోడ్, లినక్స్‌ల సక్కగ వస్తది. భాషల కీబోర్డులు నడిపే ఐబస్, దాంతోపాటు ఎం17ఎన్ ప్యాకేజీ వేస్కుంటే తెలుగు కీబోర్డు లేఅవుట్లల్ల ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ తోని పాటు యాపిల్ లేఅవుట్ కూడా ఉంటది, డీటీపీ ఆపరేటర్లు ఎక్కువ యాపిలే కొడ్తరు కాబట్టి మీ బాపుకు వేళ్ళు మళ్ళ నేర్చుకునే బాధ పెద్దగ ఉండది, ఒకటి రెండు వత్తుల దగ్గర తేడా వస్తే వస్తది. ఫాంట్లకు ఫాంట్స్-తెలు అనే ప్యాకేజీ ఉంది, దాంట్ల పోతన, వేమన ఉంటయ్, మన బమ్మెర పోతన పేరు పెట్టుకున్న ఫాంటు మన దిక్కు సిస్టంల లేకపోతే ఎట్ల. ఒక్కటి యాదికి పెట్టుకో, లినక్స్‌ల కొట్టిన యూనికోడ్ మాటర్‌ను నేరుగ పాత పేజ్‌మేకర్‌ల పేస్ట్ చేస్తే ప్రశ్నార్థకాలో పిచ్చి గీతలో వస్తయ్, యూనికోడ్ నుంచి అనుకు మార్చే కన్వర్టర్‌ల వేసి తీసుకోవాలె, మార్చినంక వత్తులు ఒకసారి చదివి చూస్కోవాలె, ముఖ్యంగ పెండ్లి కార్డుల ఇంటిపేర్లు. ఎం17ఎన్ వేసినంక లాగౌట్ అయి మళ్ళ లాగిన్ కా, లేకుంటే లిస్టుల తెలుగు కనపడది.