రోజూ వెంట ఉండే లెన్స్ గురించి చెల్లెమ్మకు

చెల్లెమ్మా,

నువ్వు రాసే కథనాలకు ఫొటోలు కూడా నువ్వే తీసుకోవాలనుకోవడం చాలా మంచి ఆలోచన. కెమెరాతో వచ్చిన జూమ్ బరువనిపించి, బయల్దేరేటప్పుడు ఇంట్లోనే వదిలేస్తున్నానన్నావు కదా, చిన్న ప్రైమ్ లెన్స్ (జూమ్ కాని, ఒకే ఫోకల్ లెంగ్త్ ఉండేది) ఒకటి తీసుకో. అయితే ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్/ పక్కన అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) అంకె చూసి మోజుపడకు. మనుషులకు ఎంత దూరంలో నిలబడి ఫొటో తీస్తావో ముందు చూసుకో, ఏ లెన్స్ కావాలో అక్కడే తేలిపోతుంది.

ఎవరితోనైనా మాట్లాడుతున్నప్పుడు మీ ఇద్దరి మధ్య ఎడం ఒకటిన్నర, రెండు మీటర్లు ఉంటుంది. ఫ్రేములో ఎంత వెడల్పు పడుతుందో తెలుసుకోవడం తేలికే. ఫుల్ ఫ్రేమ్ (పాత ఫిల్మ్ ఫ్రేమంత పెద్ద) సెన్సర్ వెడల్పు 36 మి.మీ. దాన్ని ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీద ఎం.ఎం.లో రాసే అంకె, అది చిన్నదైతే చూపు వెడల్పు) భాగించి దూరంతో గుణిస్తే సరి. రెండు మీటర్ల నుంచి 50 ఎం.ఎం. లెన్స్‌లో సుమారు 1.4 మీటర్లు పడుతుంది. అంటే మనిషి నడుము పైభాగం, పక్కన కాస్త గోడ, అంతే. 35లో రెండు మీటర్లు దాటుతుంది కాబట్టి మనిషితో పాటు చేస్తున్న పని, పక్కనున్న పనిముట్లు కూడా వస్తాయి. 28లో రెండున్నర మీటర్లు వస్తుంది గానీ మనిషి చిన్నగా కనిపిస్తాడు. పెద్దగా కనిపించాలని దగ్గరికి జరిగితే, అంచున ఉన్న ముఖం సాగినట్టు వస్తుంది. పైగా ఫోన్ ప్రధాన కెమెరా చూపు 24–26 దగ్గరే ఉంటుంది, 28 కొంటే దానికీ దీనికీ పెద్ద తేడా ఉండదు. కథనానికి మనిషీ కావాలి, ఆ మనిషి చుట్టూ ఉన్నదీ కావాలి. అందుకే నీకు 35కీ 40కీ మధ్యది నప్పుతుందంటాను.

ఈ లెక్క ఫుల్ ఫ్రేమ్‌ది. అంతకన్నా చిన్న సెన్సర్ ఉండే ఏపీఎస్-సీ కెమెరా అయితే ఫోకల్ లెంగ్త్‌ను 1.5తో, క్యానన్ ఏపీఎస్-సీ అయితే 1.6తో, ఇంకా చిన్న సెన్సర్ ఉండే మైక్రో ఫోర్ థర్డ్స్ అయితే 2తో గుణించాలి. అంటే 35 చూపు కావాలంటే వరుసగా 23, 22, 17 దగ్గర వెతకాలి. కొత్తవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. చవగ్గా దొరుకుతుంది కదా అని ఏపీఎస్-సీకి 50 తగిలిస్తారు. అది 75–80 చూపు. చిన్న గదిలో వీపు గోడకు ఆనించినా ఇద్దరు మనుషులు ఫ్రేములో సరిగా పట్టరు.

కొనేముందు నీ జూమ్‌ను ఒక వారం ఒకే అంకె దగ్గర టేపు వేసి వాడి చూడు. పాత ఫొటోల్లో ఏ ఫోకల్ లెంగ్త్ ఎక్కువుందో లెక్కపెట్టమని కొందరు సలహా ఇస్తారు, దాన్ని నేను పూర్తిగా నమ్మను. జూమ్ అటు చివరో ఇటు చివరో ఆగుతుంది కాబట్టి 18, 55 లాంటి అంకెలే ఎక్కువ కనిపిస్తాయి. అవి నీకు నచ్చిన అంకెలని అనుకోలేం.

పరిమాణం మాటకొస్తే, లెన్స్‌ను విడిగా చేతిలో పట్టుకుని చూస్తే తెలియదు, కెమెరాకు తగిలించి చూడు. క్యానన్ ఈఎఫ్ 40 ఎఫ్/2.8 మందం 23 మి.మీ. లోపే, బరువు 130 గ్రాములు. అది పాత ఈఎఫ్ మౌంట్‌ది (మౌంట్ అంటే లెన్స్ కెమెరాకు తగిలే అమరిక), దాన్ని కొత్త ఆర్ఎఫ్ మౌంట్ కెమెరాకు పెట్టాలంటే వేసుకోవాల్సిన అడాప్టర్ మందమే 24 మి.మీ. కొన్నది చిన్న లెన్సే, సంచిలో మోసేది మాత్రం చిన్నది కాదు! నీ మౌంట్‌కే చేసినవి చూసుకో. ఫుజీ 27 ఎఫ్/2.8 మొదటి రకం 78 గ్రాములే, నికాన్ జడ్ 40 ఎఫ్/2 అయితే 170.

మరీ పలచని లెన్సుల్లో చాలావరకు ఎఫ్/2.8 దగ్గరే ఆగిపోతాయి. ఎఫ్/1.8కి దాదాపు రెండున్నర రెట్లు వెలుతురు వస్తుంది. ఎఫ్/2.8లో ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా సున్నితత్వం, పెంచేకొద్దీ ఫొటోలో గరుకుదనం పెరుగుతుంది) 3200 అవసరమైన చోట దానికి సుమారు 1250 చాలు. ఒకే బల్బు వెలిగే గదుల్లో ఎక్కువగా తీస్తావనుకుంటే ఎఫ్/2 లేదా 1.8 తీసుకో, కాస్త లావైనా ఫరవాలేదు. పని చేస్తున్న చేతులు కదలకుండా రావాలంటే షట్టర్ వేగం సెకనులో 1/250 వంతు దగ్గర ఉండాలి. స్టెబిలైజేషన్ నీ చేతి వణుకును ఆపుతుంది గానీ ఎదుటివాళ్ళ కదలికను ఆపదు. పగటిపూట పనికైతే 2.8 ధారాళంగా సరిపోతుంది. పెద్ద ఎపర్చర్‌కూ ఇబ్బంది ఉంది. ఫుల్ ఫ్రేమ్‌లో 50 ఎఫ్/1.8తో మీటరు దూరం నుంచి తీస్తే స్పష్టంగా ఉండే లోతు నాలుగు సెంటీమీటర్లే. ముఖం కాస్త పక్కకు తిరిగితే ఒక కన్నే స్పష్టంగా వస్తుంది.

దగ్గరి ఫోకస్ దూరం తప్పక చూడు. పాత ఉత్తరాలు, ఆల్బమ్ ఫొటోలు తీయాల్సిన అవసరం నీకు వస్తూనే ఉంటుంది. పైన చెప్పిన క్యానన్ 40 ముప్పై సెంటీమీటర్ల దాకా వెళ్తుంది, అక్కడ ఫ్రేము నిండా 20 సెం.మీ. వెడల్పు వస్తుంది. ఉత్తరానికి అది సరిపోతుంది, ఉంగరానికి సరిపోదు. ఇంటర్వ్యూ వీడియో తీస్తే మోటారు చప్పుడు కూడా విని చూడు. పానాసోనిక్ 20 ఎఫ్/1.7 బొమ్మ బాగుంటుంది, కానీ ఫోకస్ నెమ్మది, ఆ చప్పుడు మైకులో పడుతుంది. ఫోకస్ చేసేటప్పుడు ముందుభాగం బయటికొచ్చే రకమైతే, కెమెరా ఆపాక దాన్ని వేలితో లోపలికి నొక్కకు, మోటారు దెబ్బతింటుంది. దూరానికి ఫోకస్ చేసి, ఆ తర్వాత ఆపు.

సెకండ్ హ్యాండ్ అయితే ఎపర్చర్ రేకుల మీద నూనె మరకలున్నాయా చూడు. వెనకనుంచి టార్చ్ వేసి, అద్దాల మధ్య సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే అది ఫంగస్, వద్దను. కొత్తదైనా పాతదైనా, వాపసు గడువు లోపలే ఇటుక గోడకు ఎదురుగా, సమాంతరంగా కెమెరా నిలిపి పూర్తి ఎపర్చర్‌లో ఒకటి, ఎఫ్/5.6లో ఒకటి తీయి. నాలుగు మూలలూ సమానంగా మెత్తగా, చీకటిగా ఉంటే అది చిన్న లెన్స్ స్వభావం, 5.6లో చాలావరకు సర్దుకుంటుంది. ఒక్క మూలే మసకగా ఉంటే గోడకు కెమెరా వంకరగా ఉందేమో సరిచూసి మళ్ళీ తీయి. అప్పటికీ ఆ మూలే మసకగా వస్తే లోపలి అద్దం పక్కకు ఒరిగిందన్నమాట. సర్దుకుపోకుండా వెనక్కిచ్చెయ్యి.

ప్రేమతో,
నీ అన్నయ్య