'బిజినెస్ ఈజ్ పికింగ్ అప్' అంటే వ్యాపారం ఎత్తేస్తున్నారనా?

కాదు, సరిగ్గా తలకిందులు. మన ఒంగోల్లో 'కొట్టు ఎత్తేశారు' అంటే మూసేశారని. ఇంగ్లీషులో ఆ మాటకు బేరాలు మళ్లీ పుంజుకుంటున్నాయని అర్థం. మీ క్లాసులో 'పిక్ అప్ అంటే ఎత్తడం' అని ఒక్క ముక్క రాయించి వదిలేస్తే వచ్చే తిప్పలే ఇవి.

అట్టాగని ఇరవై అర్థాలూ బట్టీ పట్టబాకండి. వాక్యంలో ముందు కర్మ ఉందో లేదో చూడండి. 'దేన్ని? ఎవర్ని?' అని అడిగితే జవాబు దొరకాలి.

దొరక్కపోతే చాలావరకు పెరగడం, కోలుకోవడమే. 'ద విండ్ పిక్ట్ అప్' అంటే మైపాడు ఒడ్డున గాలి జోరందుకుంది. 'ప్రైసెస్ పిక్ట్ అప్' అంటే పడిపోయిన రొయ్యల రేటు లేచింది. ఫోన్ సంగతి వేరు. 'ఐ కాల్డ్, హి డిడ్ నాట్ పిక్ అప్' అన్నప్పుడు కర్మ మాయమైనా మనసులో ఉంటుంది, మనం 'చేశా, ఎత్తలా' అన్నట్టే. ఆపిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టడానికీ ఇదే వాడతారు: 'లెట్స్ పిక్ అప్ వేర్ వి లెఫ్ట్ ఆఫ్'.

కర్మ ఉంటే అది ఏ రకమో చూడాలి. వస్తువైతే తీయడం, లేదా దారిలో ఆగి కొనుక్కురావడం. జలుబైతే తగులుకోవడం. రేడియో, సిగ్నల్ అయితే అందుకోవడం. బిల్లయితే కాగితం చేతిలోకి తీసుకోవడం కాదు, అందరి భోజనం డబ్బులూ తనే కట్టడం.

భాషో అలవాటో అయితే 'అబ్బడం' అన్న తెలుగు మాట అచ్చంగా సరిపోతుంది. తడ, సూళ్లూరుపేట వైపు వాళ్లకు బళ్లో చెప్పకుండానే తమిళం వచ్చేస్తుంది చూడండీ, అదీ పిక్ అప్ చేయడమంటే. ఫీజు కట్టి, గ్రామర్ పుస్తకం ముందేసుకుని నేర్చుకున్నదానికి 'లర్న్' అనండి.

మనిషైతే జాగ్రత్త. 'పిక్ మీ అప్ ఎట్ కావలి స్టేషన్' అంటే వచ్చి బండెక్కించుకోమని, ఇబ్బంది లేదు. 'ద పోలీస్ పిక్ట్ హిమ్ అప్' అంటే పట్టుకుపోయారు. 'హి పిక్ట్ అప్ ఎ గర్ల్ ఎట్ ఎ పార్టీ' అంటే ముక్కూమొహం తెలియని అమ్మాయిని మాటల్లో పెట్టి వెంట తీసుకుపోయాడని. చెల్లెల్ని తీసుకురావడానికి వెళ్లిన సంగతి చెప్పేటప్పుడు 'మై సిస్టర్' అని స్పష్టంగా అనండి, 'ఎ గర్ల్' అనబాకండి. ఇక చివర 'ఆన్' చేరి 'పిక్ అప్ ఆన్' అయితే ఎదుటివాళ్లు చెప్పనిదాన్ని పసిగట్టడం.

మార్కులు పోయేది అర్థం దగ్గర కాదు, వరస దగ్గర. 'పిక్ అప్ ద బ్యాగ్', 'పిక్ ద బ్యాగ్ అప్' రెండూ ఒప్పే. 'ఇట్', 'హిమ్', 'దెమ్' లాంటి సర్వనామం వస్తే మాత్రం మధ్యలోనే కూర్చోవాలి: 'పిక్ ఇట్ అప్'. 'పిక్ అప్ ఇట్' తప్పు. కర్మ బారెడు ఉంటే చివర పెట్టడమే నయం, లేకపోతే వినేవాళ్లు 'అప్' కోసం ఎదురుచూస్తూ కూర్చోవాలి. భూతకాలం గుర్తు 'పిక్'కే తగులుతుంది, 'పికప్డ్' అన్న మాటే లేదు. రాసేటప్పుడు క్రియ రెండు మాటలు, నామవాచకం కలిపి ఒకే మాట. పలికేటప్పుడు నామవాచకంలో ఒత్తు 'పిక్' మీద, క్రియలో 'అప్' మీద.

'మా బండికి పికప్ లేదు' అనేది కూడా తప్పు ఇంగ్లీషేనా అని చివర్లో అడిగారు. కాదు, వేగం అందుకునే శక్తి అన్న అర్థం అమెరికా నిఘంటువుల్లోనూ ఉంది. కాకపోతే అక్కడి వాళ్లకు పికప్ అనగానే ముందు గుర్తొచ్చేది వెనక తొట్టి ఉన్న బండి. అందుకని వాళ్లతో అనేటప్పుడు 'ఆక్సిలరేషన్' అంటే పని తేలిక.