లాగ్ కేబిన్ నేర్చుకోవాలంటే కొత్తది కట్టకండి, పాతది బాగుచేయండి

"అమెరికాలో ఉంటున్నాను, ఐటీ ఉద్యోగం, వడ్రంగం ఏమీ రాదు. పాత పద్ధతిలో దుంగలతో లాగ్ కేబిన్ కట్టడం, ఉన్నవాటిని కాపాడుకోవడం ఎలా నేర్చుకోవాలి? వీకెండ్స్‌తో కుదురుతుందా?" అని అడిగారు.

కుదురుతుంది. కానీ కట్టడంతో మొదలుపెడితే మధ్యలో వదిలేస్తారు. నాదీ మీ పరిస్థితే. మిన్నెసోటా రాష్ట్రంలోని మిన్నియాపొలిస్‌లో ఉద్యోగం, మేకు కూడా వంకర పోకుండా కొట్టలేని చేయి. కొన్నేళ్ల కిందట డులూత్ దాటాక ఒక సరస్సు పక్కన పాత కేబిన్‌తో సహా చిన్న స్థలం కొన్నాం. 16 అడుగులకి 20 అడుగులు, రెడ్ పైన్ దుంగలు. అమ్మినాయన "కొంచెం మెయింటెనెన్స్ ఉంటుంది" అన్నాడు. ఆ కొంచానికి మూడు వేసవులు పట్టింది.

మొదటి వేసవిలో నేను దుంగలకి ఏ రంగు వేయాలా అని షాపుల చుట్టూ తిరుగుతుంటే, ఇండియా నుంచి వచ్చిన మా నాన్న ఇంటి చుట్టూ తిరిగాడు. గుంటూరు వైపు పెంకుటింట్లో పెరిగిన మనిషి. వానలకి ముందు పెంకు నేయించడం, దూలాలకి చెద పట్టిందేమో చూసుకోవడం ఆయనకి అలవాటు. ఉత్తరం గోడ కింద వంగి వేలి కణుపుతో టకటకా కొట్టుకుంటూ వెళ్లి ఒకచోట ఆగాడు. "ఇది డొల్లరా" అన్నాడు. పైకి చూస్తే నున్నగా ఉంది. స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కితే పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే తడి బ్రౌన్ షుగర్ లాంటి పొడి వచ్చింది. తర్వాత తెలిసింది, ఇక్కడ నిపుణులు చేసే మొదటి పరీక్ష కూడా ఇదేనని: కొట్టి వినడం, మొనతో పొడిచి చూడడం.

దుంగల ఇంటికి అసలు శత్రువు నీళ్లే. కలపలో తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం కుళ్లు పట్టదు. అందుకే గోడలో అన్నిటికన్నా కింది దుంగ నేలకి అడుగో అడుగున్నరో ఎత్తులో, రాతి పునాది మీద ఉండాలి. చూరు బాగా బయటికి రావాలి. మాకు ఉత్తరం వైపు ఎవరో ముచ్చటపడి గోడకి ఆనించి పూలమొక్కల మడి కట్టారు. దానికితోడు చూరు నీళ్లు మట్టి మీద పడి గోడ మీదకి చిందేవి. ఇక దుంగల సందుల్లో మట్టి, సున్నం కలిపిన పాత పూత రాలిపోయినచోట సిమెంట్ దట్టించారు. చూడ్డానికి గట్టి పని. కానీ దుంగ తేమకీ ఎండకీ ఉబ్బుతూ ముడుచుకుంటూ ఉంటుంది, సిమెంట్ కదలదు. మధ్యలో వెంట్రుకవాసి సందు ఏర్పడి వాననీరు లోపలికి పోతుంది, ఆరే దారి ఉండదు. దుంగల మీద పొరలా అంటుకునే వార్నిష్ కొట్టినా ఇదే కథ. కలపలోకి ఇంకే నూనె స్టెయిన్ మేలు.

అన్నిటికన్నా కింద ఉన్న ఆ దుంగ మార్చడమంటే ఇల్లు లేపాలి. నాకు అసలు టెన్షన్ అక్కడే. బాటిల్ జాక్‌లు (సీసా ఆకారంలో ఉండే, బరువులెత్తే జాకీలు) పెట్టి, ఒకసారికి అంగుళంలో ఎనిమిదో వంతు చొప్పున లేపుతూ, ప్రతిసారీ దుంగల దిమ్మ మీద చెక్కలు పేర్చి బరువు దాని మీదకి దించుతూ వెళ్లాం. తొందరపడితే కిటికీ అద్దం పగులుతుంది. మాది ఒకటి పగిలింది కూడా. ఈ పని మాత్రం పక్కన తెలిసినవాళ్లు లేకుండా చేయకండి. మొత్తం దుంగ మార్చనక్కర్లేదు. కుళ్లిన భాగం కోసేసి, అదే జాతి ఎండిన కలప అతుకు వేస్తే చాలు.

గోడ పైభాగంలో రెండు దుంగలు మార్చేటప్పుడు కట్టడం కూడా కొంత వచ్చింది. చలికాలంలో చెట్టు కొడితే మంచు మీద లాగడం సులువు. బెరడు మాత్రం వసంతంలో కొట్టిన చెట్టుకే అరటి తొక్కలా వస్తుంది. కింది దుంగ వంపుల్ని పై దుంగ అడుగున గీసుకునే పనిముట్టు స్క్రైబర్, నీటిమట్టం బుడగలు ఉన్న కంపాస్ లాంటిది. దాని రెండు మొనల మధ్య ఎడం ఒకసారి బిగించాక ఆ దుంగ పూర్తయ్యేదాకా జరగకూడదు. నేను సగం గీసి, మంచినీళ్లు తాగడానికి ఆగి, దాన్ని జేబులో వేసుకున్నాను. గాడి తొలిచి దుంగ దింపితే ఒక సగం కాగితం కూడా దూరనంత బిగుతుగా కూర్చుంది, రెండో సగంలో వేలు పట్టే సందు. 200 కిలోలు పైబడిన దుంగ, రెండు వారాంతాల కష్టం. ఇప్పుడది గుమ్మం ముందు బెంచీ.

నాచ్ (మూలల్లో ఒక దుంగ ఇంకోదాని మీద కూర్చునే కోత), గాడి రెండూ పై దుంగ అడుగునే తొలవాలి, కింది దుంగ వీపు మీద తొలిస్తే నీళ్లు నిలుస్తాయి. ఇంకొకటి, దుంగ పొడవులో తగ్గదు గానీ లావులో తగ్గుతుంది. పచ్చి దుంగలతో కట్టిన 8 అడుగుల గోడ కొన్నేళ్లలో 4 నుంచి 6 అంగుళాలు దిగుతుంది. తలుపుల, కిటికీల పైన ఆ ఖాళీ వదిలి పలకతో కప్పుతారు. వదలకపోతే తలుపు తెరుచుకోదు.

ఎక్కడ నేర్చుకోవాలంటే, సుపీరియర్ సరస్సు ఒడ్డున గ్రాండ్ మరేలో నార్త్ హౌస్ ఫోక్ స్కూల్ ఉంది, 1997 నుంచి ఇలాంటి చేతిపనులు నేర్పుతున్నారు. డబ్బు పెట్టకుండా అయితే హిస్టోరికార్ప్స్‌లో వాలంటీర్‌గా వెళ్లండి. అడవుల్లోని పాత కేబిన్లు బాగుచేసే సంస్థ, అనుభవం అడగరు, తిండీ పనిముట్లూ వాళ్లే ఇస్తారు, డేరాలో పడుకోవాలి. నేషనల్ పార్క్ సర్వీస్ దుంగల కట్టడాల మరమ్మతు మీద 1991లో వేసిన 26వ ప్రిజర్వేషన్ బ్రీఫ్ (పాత కట్టడాలు కాపాడుకోవడం మీద చిన్న మార్గదర్శి) నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ముందు అది చదవండి. ఇటువైపు వస్తే ఎంబరాస్ అనే ఊళ్లో ఫిన్‌లాండ్ వలసవాళ్లు కట్టిన ఇళ్లు చూడండి. దుంగల్ని గొడ్డలితో పలకగా చెక్కి, మూలల్ని డవ్‌టెయిల్‌తో, అంటే పావురం తోకలా వెడల్పయ్యే కోతతో, కలిపారు. ఆ కోత వాలు బయటికి ఉండడంతో నీళ్లు జారిపోతాయి, బరువు పడేకొద్దీ మూల బిగుస్తుంది. ఆ మూలల దగ్గర నేను గంటసేపు నిలబడిపోయాను, మా ఆవిడ కార్లో నిద్రపోయింది.

పనిముట్లు ఇప్పుడే కొనకండి. మీకు అందుబాటులో ఏ పాత కేబిన్ ఉన్నా, యజమానిని అడిగి, జోరుగా వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని వెళ్లండి. పైకప్పు మీద పడ్డ నీళ్లు ఎటు పోతున్నాయో, ఏ దుంగ ఎక్కడ తడుస్తోందో చూసి కాగితం మీద గీసుకోండి. రెండు రోజులు ఎండ కాశాక మళ్లీ వెళ్లి ఇంకా తడిగా ఉన్నచోటు తడిమి చూడండి. స్క్రూడ్రైవర్ పెట్టాల్సింది అక్కడ.